'ఏ' డ్రైవు?: కంప్యూటరు ప్రారంభక్రమం – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

కంప్యూటరు తప్పు డ్రైవు నుంచి ప్రారంభమైతే దాన్ని యంత్రం చెడిపోవడంగా భావించడం పరిపాటి. చాలా సందర్భాలలో యంత్రంలో ఏ భాగమూ చెడిపోయి ఉండదు. ఏ డ్రైవును ముందుగా చదవాలో నిర్ణయించే అధికారం 1952 నుంచి నేటివరకు ఆపరేటరు చేతినుంచి శాశ్వతస్మృతికి, అక్కడినుంచి బ్యాటరీతో నిలిచే స్మృతికి, తరువాత ఫర్మ్‌వేర్‌లోని పట్టికలకు మారుతూ వచ్చింది. డ్రైవును గుర్తించే పద్ధతి కూడా స్థానం నుంచి సంఖ్యకు, సంఖ్య నుంచి పేరుకు మారింది. ఇన్ని మార్పుల తరువాత కూడా ఈ సమస్య ఎందుకు మిగిలిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ప్రారంభక్రమం, బూట్ సెక్టారు, బయోస్, యూఈఎఫ్ఐ, డిస్కు గుర్తింపు, నకలు డిస్కు.

1. ఉపోద్ఘాతం

విద్యుత్తు అందిన క్షణంలో కంప్యూటరు ప్రధానస్మృతి ఖాళీగా ఉంటుంది. డిస్కులో ఉన్న ప్రోగ్రామును స్మృతిలోకి తేవాలంటే, ఆ పని చేసే ప్రోగ్రాము ఒకటి ముందే స్మృతిలో ఉండాలి. చెట్టు ముందా విత్తు ముందా అన్న చిక్కు ఇక్కడ కేవలం తర్కవిషయం కాదు, ఇంజనీర్లు నిజంగా పరిష్కరించవలసి వచ్చిన సమస్య. తన బూటు పట్టీని తానే పట్టుకొని పైకి లేచే మనిషిని ఉద్దేశించిన ఆంగ్ల నానుడి నుంచి ఈ ప్రక్రియకు 'బూట్‌స్ట్రాప్' అనే పేరు వచ్చి, వాడుకలో 'బూట్' అయింది.

ఈ చిక్కుకు పరిష్కారాలను వివరించిన గ్రంథాలకు కొదవలేదు. దానితోపాటే పుట్టిన రెండో ప్రశ్నకు అంత ప్రాధాన్యం లభించలేదు. మొదటి ప్రోగ్రామును ఎలా తేవాలన్నది మొదటి ప్రశ్న అయితే, ఎక్కడినుంచి తేవాలన్నది రెండోది. యంత్రానికి ఒకే డ్రైవు ఉన్నంతకాలం ఈ ప్రశ్న తలెత్తదు. రెండో డ్రైవు చేరిన రోజునే అది మొదలవుతుంది. దాని పర్యవసానాలు చిన్నవి కావు. పాత డిస్కునుంచి లేచిన కంప్యూటరుమీద, కొత్త డిస్కులో పనిచేస్తున్నాననుకొని వారాల తరబడి వ్రాసిన వ్యక్తి, ఆ తరువాత పాత డిస్కును చెరిపివేస్తే పోయేది ఆ వ్రాతే.

2. ఆపరేటరు చేతిలోని నిర్ణయం

ఐబీఎం 1952లో ప్రకటించిన 701 యంత్రంమీద 'లోడ్' అనే మీట ఉండేది. దానితోపాటు ఒక ఎంపిక స్విచ్చి కూడా ఉండేది. ఆ స్విచ్చి ఉన్న స్థితినిబట్టి యంత్రం మొదటి పదాన్ని కార్డు రీడరునుంచో, అయస్కాంత టేపునుంచో, డ్రమ్మునుంచో చదివేది. చదివిన పదంలోని సగభాగాన్నే ఆదేశంగా అమలుచేసి, ఆ ఆదేశం ద్వారా మిగిలిన పదాలను తెచ్చుకొనేది. ఎక్కడినుంచి చదవాలన్న నిర్ణయం పూర్తిగా మనిషిది. తప్పు జరిగితే ఆ తప్పు కంటికి కనిపించే చోట, స్విచ్చిమీద ఉండేది.

1964 ఏప్రిల్‌లో వెలువడిన సిస్టమ్/360 ఈ పద్ధతిని మరింత క్రమబద్ధం చేసింది. ఆపరేటరు మూడు తిరుగుడు మీటలతో పరికరపు చిరునామాను షోడశాంశ అంకెలలో అమర్చి 'లోడ్' నొక్కేవాడు. యంత్రం ఆ పరికరంనుంచి 24 బైట్లు చదివి, స్మృతి ప్రారంభంలో ఉంచి, అక్కడినుంచి తక్కిన పని సాగించేది. ఐబీఎం ఈ ప్రక్రియకు 'ప్రారంభ ప్రోగ్రాం లోడు' అన్న అర్థమిచ్చే పేరు పెట్టింది. 'ఐపీఎల్' అన్న ఆ సంక్షిప్తనామం నేటి మెయిన్‌ఫ్రేముల వాడుకలోనూ నిలిచి ఉంది. ఆసక్తికరమైన సంగతి ఏమంటే, ఈ యంత్రాలలో ప్రారంభక్రమం అనేదే లేదు. ఒక పరికరం పనిచేయకపోతే మరొకదాన్ని ప్రయత్నించే స్వేచ్ఛ యంత్రానికి ఇవ్వలేదు. విఫలమైతే ఆగిపోవడమే దాని పని.

పీడీపీ–8 వంటి మినీకంప్యూటర్లలో, 1975నాటి ఆల్టేర్ 8800లో ఆపరేటరు ముందుపలకమీది స్విచ్చులతో ప్రారంభప్రోగ్రామును ఒక్కొక్క పదంగా చేత్తోనే ఎక్కించేవాడు. ఏ పరికరంనుంచి చదవాలన్నది ఆ ప్రోగ్రాములోనే భాగం. ఇది విసుగు పుట్టించే పనే అయినా, సందేహానికి తావులేని పని.

3. శాశ్వతస్మృతిలో స్థిరపడిన నిర్ణయం

1981 ఆగస్టు 12న విడుదలైన ఐబీఎం పర్సనల్ కంప్యూటరుతో పరిస్థితి మారింది. ఇల్లు, కార్యాలయం ఉద్దేశించిన యంత్రానికి శిక్షితుడైన ఆపరేటరు ఉండడు. కాబట్టి నిర్ణయాన్ని బయోస్ అనే శాశ్వతస్మృతి ప్రోగ్రాములో ముందే పొందుపరిచారు. 'బయోస్' అన్న మాట ఐబీఎంది కాదు. 1970లలో సీపీ/ఎం నిర్వహణవ్యవస్థను నిర్మించిన గ్యారీ కిల్డాల్ వాడుకలోకి తెచ్చినది. యంత్రం మొదట ఫ్లాపీ డ్రైవును చూసేది. అందులో డిస్కు లేకపోతే శాశ్వతస్మృతిలోనే ఉన్న బేసిక్ భాషను తెరమీదికి తెచ్చేది.

ఆ ఫ్లాపీ డ్రైవుకు ఆంగ్ల వర్ణమాలలోని మొదటి అక్షరం పేరయింది. తెలుగులో వ్రాస్తే అది 'ఏ' డ్రైవు. వినేవారికి అది పేరు కాక ప్రశ్నగా వినిపిస్తుంది. యాదృచ్ఛికమే అయినా తరువాతి పాతికేళ్ళ చరిత్రకు ఈ శ్లేష బాగా అతికింది.

1983 మార్చిలో వచ్చిన పీసీ ఎక్స్‌టీ 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో రావడంతో ఐబీఎం వ్యక్తిగత కంప్యూటరులో రెండో ప్రశ్న తలెత్తింది. ఐబీఎం ఇచ్చిన సమాధానం: ముందు ఫ్లాపీ, అది లేకపోతే హార్డ్ డిస్కు. ఈ నిర్ణయం వెనుక హేతువు ఉంది. హార్డ్ డిస్కు ఖాళీగా ఉన్నప్పుడు గానీ చెడినప్పుడు గానీ దాన్ని బాగుచేసే సాధనం బయటినుంచే రావాలి. అందువల్ల బయటి మాధ్యమానికి పెద్దపీట వేశారు. ఆ రోజుల్లో ఇది సబబైన నిర్ణయమే. అదే సమయంలో వచ్చిన పీసీ డాస్ 2.0 హార్డ్ డిస్కు మొదటి సెక్టారులో ఒక విభజనపట్టికను ఉంచింది. ఆ సెక్టారు పరిమాణం 512 బైట్లు. మొదటి 446 బైట్లు ప్రోగ్రాముకు, తరువాత ఒక్కొక్కటి 16 బైట్లు చొప్పున నాలుగు విభాగాల వివరాలకు, చివరి రెండు బైట్లు 55, ఏఏ అనే గుర్తుకు కేటాయించారు. ఈ గుర్తు ఉందా లేదా అన్నదే బయోస్ వేసే ఒకే ఒక ప్రశ్న. డిస్కులో ఉన్నది సరైన వ్యవస్థా, పాత వ్యవస్థా, అసలు వ్యవస్థేనా అన్నది దానికి తెలియదు.

తప్పు డ్రైవునుంచి ప్రారంభం కావడమన్న సమస్యకు మూలం ఈ అజ్ఞానంలోనే ఉంది. యంత్రం వెదికేది యజమాని కోరిన డిస్కును కాదు, వరుసలో మొదట దొరికిన గుర్తును.

4. మరచిపోయిన ఫ్లాపీ

డ్రైవులో మరచిపోయిన ఫ్లాపీతో కంప్యూటరు తెరిచినప్పుడు, ఇది సిస్టమ్ డిస్కు కాదు, మార్చి ఏదైనా మీట నొక్కమన్న సందేశం కనిపించడం ఒక తరం వాడుకరులకు నిత్యానుభవం. ఫ్లాపీ తీసి మీట నొక్కితే పని జరిగిపోయేది. అయితే ఆ సందేశం ఎవరు వ్రాసినది? హార్డ్ డిస్కులోని వ్యవస్థ ఇంకా లేవలేదు, బయోస్ ఆ వాక్యం పలకలేదు. ఆ మాటలు ఫ్లాపీలోని బూట్ సెక్టారులో ఉన్న చిన్న ప్రోగ్రామువి. అంటే విఫలమైందనుకున్న ప్రారంభంలో కూడా ఫ్లాపీలోని ప్రోగ్రాము అప్పటికే అమలై ఉంటుంది.

వైరస్ రచయితలు పట్టుకున్నది సరిగ్గా ఈ సూక్ష్మాన్నే. 1986లో పాకిస్తానులోని లాహోరునుంచి వ్యాపించిన 'బ్రెయిన్' ఫ్లాపీల బూట్ సెక్టారులో చేరింది. హార్డ్ డిస్కుల జోలికి అది పోలేదు. 1987లో న్యూజిలాండులో కనిపించిన 'స్టోన్డ్' ఒక అడుగు ముందుకు వేసి హార్డ్ డిస్కు మొదటి సెక్టారులోకీ పాకింది. దాని సంతతికి చెందిన 'మైకెలాంజెలో' 1991లో బయటపడింది. మార్చి 6న యంత్రం తెరిస్తే డిస్కులోని సమాచారాన్ని చెరిపివేసే స్వభావం దానిది. 1992 మార్చిలో దానిగురించి ప్రపంచవ్యాప్తంగా పత్రికలలో పెద్ద కలకలం రేగింది. జరిగిన నష్టం ఆ ప్రచారంతో పోలిస్తే స్వల్పమే. కేవలం లేఖలో, లెక్కలో ఉన్న ఫ్లాపీ అయినా సరే, అది డ్రైవులో ఉండగా యంత్రం ఒక్కసారి తెరిస్తే వ్యాధి అంటుకొనేది. ఫ్లాపీనుంచి ఏ ఫైలూ తెరవనక్కరలేదు.

1983లో సహేతుకంగా కనిపించిన వరుస పదేళ్ళు తిరగకముందే భద్రతాలోపమైంది. ఈ వైరసులకు విరుగుడుగా నిపుణులు సూచించిన ఉపాయాలలో అత్యంత సులువైనది వరుసను తలకిందులు చేయడం: ముందు హార్డ్ డిస్కు, తరువాతే ఫ్లాపీ. అందుకు వరుస మార్చదగినదై ఉండాలి. 1984 ఆగస్టులో వచ్చిన పీసీ ఏటీ ఇందుకు భూమిక సిద్ధం చేసింది. ఆ యంత్రంలో గడియారంతోపాటు బ్యాటరీతో నిలిచే చిన్న సీమాస్ స్మృతి ఉంది. డ్రైవుల వివరాలు అందులో ఉండేవి. తరువాతి తయారీదారులు ప్రారంభక్రమాన్ని కూడా అక్కడే చేర్చి, తెర మీద మార్చుకొనే వీలు కల్పించారు.

దీంతో నిర్ణయం మళ్ళీ మనిషి చేతికి వచ్చింది, కాని పూర్తిగా కాదు. ఆ నిర్ణయాన్ని గుర్తుంచుకొనే భారం నాణెమంత బ్యాటరీమీద పడింది. బ్యాటరీ నీరసించినప్పుడు యంత్రం కర్మాగారపు వరుసకు తిరిగిపోతుంది. తెరమీది తేదీ ఏళ్ళ వెనక్కు పోవడం, అదే రోజు యంత్రం వేరే డ్రైవునుంచి లేవడం – ఈ రెండూ కలిసి కనిపిస్తే డిస్కును శంకించనక్కరలేదు, బ్యాటరీ మారిస్తే సరిపోతుంది.

5. రెండు హార్డ్ డిస్కులు: స్థానమా, సంఖ్యా?

ఫ్లాపీకీ హార్డ్ డిస్కుకూ మధ్య తగవు జాతిభేదంవల్ల కొంత సులువుగా తీరింది. రెండు హార్డ్ డిస్కుల మధ్య తగవు అంతకంటే జటిలం. బయోస్ మొదటి హార్డ్ డిస్కుకు షోడశాంశ పద్ధతిలో 80 అన్న సంఖ్యను, రెండోదానికి 81ని ఇచ్చేది. మొదటిది ఏది? ఐడీఈ తంతి కాలంలో దానికి జవాబు డిస్కు వెనుక పెట్టే చిన్న జంపరులో ఉండేది. మొదటి తంతిమీద 'మాస్టర్'గా అమర్చిన డిస్కే మొదటిది. సీరియల్ ఏటీఏ వచ్చిన తరువాత జంపరు పోయి, తంతి గుచ్చిన పోర్టు సంఖ్య దాని స్థానంలోకి వచ్చింది. దుమ్ము దులపడానికి తంతులు తీసి అటుదిటు గుచ్చితే చాలు, యంత్రం మరో డిస్కునుంచి లేవవచ్చు.

1995లో ఫీనిక్స్, ఐబీఎం సంస్థలు 'ఎల్ టొరీటో' పేరుతో సీడీనుంచి ప్రారంభించే పద్ధతిని నిర్దేశించాయి. 1996 జనవరిలో కంపాక్, ఫీనిక్స్, ఇంటెల్ కలిసి బయోస్ బూట్ నిర్దేశాన్ని ప్రచురించాయి. పెరిగిపోతున్న పరికరాలకు ఒక క్రమశిక్షణ తేవడం దాని ఆశయం. ఆచరణలో అది కొత్త గందరగోళానికి దారితీసింది. ఈ విధానాన్ని అనుసరించిన బయోసులలో హార్డ్ డిస్కులన్నీ ఒక గుంపు, సీడీలు మరో గుంపు. ప్రధాన జాబితాలో 'హార్డ్ డిస్కు' మొదట ఉందని చూసి తృప్తిపడిన వాడుకరికి, ఆ గుంపులోపల ఏ డిస్కు మొదటిదో నిర్ణయించే మరో జాబితా వేరే పుటలో ఉందని తెలియకపోవచ్చు. యూఎస్‌బీ పెన్‌డ్రైవును కూడా అనేక బయోసులు హార్డ్ డిస్కుల గుంపులోనే చేర్చాయి. ప్రధాన జాబితా సరిగానే ఉన్నా యంత్రం తప్పు డ్రైవునుంచి లేవడానికి ఇది అతిసాధారణ కారణాలలో ఒకటి.

ఇదే కాలంలో సీడీకి సంబంధించి ఒక చిన్న ఉపాయం వాడుకలోకి వచ్చింది. విండోస్ 2000, ఎక్స్‌పీ స్థాపనసీడీ డ్రైవులో ఉండగా, సీడీనుంచి ప్రారంభించాలంటే ఏదైనా మీట నొక్కమని తెర అడిగేది. నొక్కకపోతే హార్డ్ డిస్కుకు దారి ఇచ్చేది. స్థాపన మధ్యలో యంత్రం తనంతట తాను మళ్ళీ తెరుచుకున్నప్పుడు సీడీ మొదటికి రాకుండా ఆపడానికి ఇది అవసరమైంది. మౌనాన్ని సమ్మతిగా కాక నిరాకరణగా తీసుకున్న అరుదైన సందర్భమిది.

బయోస్ సమస్య ఒక ఎత్తు, నిర్వహణవ్యవస్థల సమస్య మరో ఎత్తు. విండోస్ ఎన్‌టీ నుంచి ఎక్స్‌పీ వరకు, వ్యవస్థ ఉన్న చోటును 'బూట్.ఐఎన్ఐ' అనే పాఠ్యఫైలులో నమోదు చేసేవారు. అందులో డిస్కు పేరు ఉండదు, ఎన్నో డిస్కు, ఎన్నో విభాగం అన్న సంఖ్యలే ఉంటాయి. మరో డిస్కు చేర్చినప్పుడు సంఖ్య మారితే ఆ చిరునామా తప్పుతుంది. పరిభాష ఈ అయోమయాన్ని ఇంకొంత పెంచింది. మైక్రోసాఫ్ట్ పత్రాలలో ప్రారంభఫైళ్ళున్న విభాగం పేరు 'సిస్టమ్ విభాగం', విండోస్ ఉన్న విభాగం పేరు 'బూట్ విభాగం'. పేర్లు తారుమారయ్యాయని చదువరికి అనిపిస్తే ఆ తప్పు చదువరిది కాదు.

ఆ రెండు విభాగాలూ వేర్వేరు డిస్కులలో ఉండగలగడమే అసలు చిక్కు. పాత డిస్కు అమర్చి ఉండగానే కొత్త డిస్కులో విండోస్ స్థాపిస్తే, స్థాపనప్రోగ్రాము ప్రారంభఫైళ్ళను బయోస్ మొదటిదిగా చూపిన పాత డిస్కులో ఉంచి, విండోసును మాత్రమే కొత్త డిస్కులో ఉంచేది. యంత్రం చక్కగా పనిచేస్తుంది. నెలల తరువాత పాత డిస్కు ఇక అనవసరమని తీసివేసిన రోజున 'ఎన్‌టీఎల్‌డీఆర్' లేదన్న సందేశం వస్తుంది. కొత్త డిస్కు చెడిందనుకొని దాన్ని చెరిపి మళ్ళీ స్థాపించడం అప్పుడు కలిగే తొలి ఆలోచన. నిజానికి పాత డిస్కును తిరిగి అమర్చడమో, ప్రారంభఫైళ్ళను కొత్త డిస్కులోకి చేర్చి ఆ విభాగాన్ని క్రియాశీలం చేయడమో చేస్తే సమాచారానికి ఏ హానీ ఉండదు.

6. పేరుతో పిలవడం

సంఖ్యలమీద ఆధారపడడం నిలవదని 2000 తరువాతి దశాబ్దంలో అన్ని వైపులా గుర్తించారు. లినక్స్ పంపిణీలు డిస్కు వరుసకు బదులు ప్రతి ఫైలువ్యవస్థకు ఉండే విశిష్ట గుర్తింపుసంఖ్యను వాడసాగాయి. విండోస్ విస్టా బూట్.ఐఎన్ఐని తొలగించి, డిస్కు మొదటి సెక్టారులో ఉండే నాలుగు బైట్ల సంతకాన్ని ఆధారం చేసుకుంది. ఇంటెల్ ఐటేనియం యంత్రాలకోసం 1990లలో మొదలుపెట్టిన ఈఎఫ్ఐ, 2005లో ఏర్పడిన ఫోరం చేతికి వచ్చి యూఈఎఫ్ఐ అయింది. ఇందులో ఫర్మ్‌వేర్ కేవలం 55, ఏఏ గుర్తును వెదకదు. డిస్కులోని ఒక ప్రత్యేక విభాగంలో ఉన్న ఫలానా ఫైలును అమలుచేయమన్న స్పష్టమైన పద్దులు దాని స్మృతిలో ఉంటాయి. ఆ పద్దుల వరుస 'బూట్ఆర్డర్' అనే చలరాశిలో ఉంటుంది. విభాగం పేరు 128 బిట్ల సంఖ్య. తంతిని ఏ పోర్టుకు మార్చినా ఆ పేరు మారదు.

సిద్ధాంతరీత్యా ఇక్కడితో సమస్య తీరవలసింది. రెండు కారణాలవల్ల తీరలేదు. మొదటిది, వరుసను దిద్దే హక్కు నిర్వహణవ్యవస్థలకూ ఉండడం. లినక్స్ స్థాపిస్తే తన పద్దును ముందుకు తెచ్చుకుంటుంది, విండోస్ మరమ్మతు చేస్తే తనది ముందుకు వస్తుంది. ఎవరి విస్తరిలో వారు వడ్డించుకొనే ఈ ఏర్పాటులో యజమాని నిర్ణయం ఎప్పుడు మారిందో అతనికి తెలియదు. పైగా ఎక్స్‌పీ నాటి అలవాటు పోలేదు. వేరే డిస్కులో ప్రారంభవిభాగం ముందే ఉంటే విండోస్ స్థాపనప్రోగ్రాము నేటికీ దాన్నే వాడుకొని, కొత్త డిస్కును పరాధీనం చేయగలదు.

రెండో కారణం మరీ విచిత్రమైనది. పాత హార్డ్ డిస్కునుంచి వేగవంతమైన ఘనస్థితి డిస్కుకు మారేవారు అంతా యథాతథంగా నకలు తీస్తారు. నకలు నిజంగా యథాతథమైతే పేరు కూడా నకలవుతుంది. అప్పుడు యంత్రంలో ఒకే పేరున్న ఇద్దరు ఉంటారు, ఫర్మ్‌వేర్ తనకు ముందు కనిపించినవాడిని పిలుస్తుంది. విండోస్ లేచిన తరువాత రెండు సంతకాలు ఒకటేనని గమనించి ఒక డిస్కును పక్కన పెడుతుంది, లేదా దాని సంతకాన్ని మారుస్తుంది. సంతకం మారిన డిస్కును తరువాత ఒంటరిగా ప్రారంభించబోతే, తన పద్దులో ఉన్న పేరుతో తానే సరిపోలక నిలిచిపోతుంది. తెరమీద రెండు డిస్కులూ ఒకే రూపంలో ఉంటాయి, అవే చిహ్నాలు, అవే ఫైళ్ళు. ఏది లేచిందో రూపంచూసి చెప్పలేరు.

7. సరిచేసే క్రమం

ఈ చరిత్ర దృష్టితో చూస్తే మరమ్మతులో మొదటి పని మార్చడం కాదు, గుర్తించడం. ప్రస్తుతం నడుస్తున్న డిస్కు ఏదో దాని తయారీసంఖ్య, నమూనా, పరిమాణాలద్వారా నిర్ధారించుకోవాలి. డ్రైవు అక్షరాన్ని నమ్మరాదు. లేచిన వ్యవస్థ ఏదైనా సాధారణంగా తనను తాను 'సీ' అనే చెప్పుకుంటుంది. రెండు డిస్కులలోనూ చివరగా మారిన ఫైళ్ళ తేదీలను పోల్చి, ఇటీవలి వ్రాత ఎందులో ఉందో తేల్చుకొని, దాని ప్రతిని మూడోచోట భద్రపరచాలి. ఈ పని ముగియకముందు ఏ డిస్కునూ చెరపకూడదు.

ఆ తరువాత ఫర్మ్‌వేర్‌లోని ప్రధాన వరుసను, పాత బయోసులలో అయితే గుంపులోపలి వరుసను కూడా సరిదిద్దాలి. సెట్టింగు నిలవకపోతే బ్యాటరీ మార్చాలి. వరుస సరిగా ఉన్నా యంత్రం వినకపోతే, యంత్రాన్ని ఆపి, కావలసిన డిస్కును ఒంటరిగా ఉంచి ప్రారంభించడమే నికరమైన పరీక్ష. ఒంటరిగా లేస్తే అది స్వయంపోషకం. లేవకపోతే దాని ప్రారంభఫైళ్ళు మరో డిస్కులో ఉండవచ్చు. అప్పుడు స్థాపనమాధ్యమంనుంచి మరమ్మతు పరిసరాన్ని తెరిచి 'బీసీడీబూట్' ఆదేశంతో కొత్త డిస్కులోనే వాటిని సృష్టించాలి. లినక్స్ అయితే 'గ్రబ్'ను ఆ డిస్కుమీద తిరిగి స్థాపించాలి. నకలు డిస్కుల విషయంలో, కొత్తది ఒంటరిగా లేచిందని తేలేవరకు రెండింటినీ కలిపి యంత్రంలో ఉంచకపోవడం మేలు.

తెలుగు పరిశోధకులకు ఈ జాగ్రత్తలో మరో అంశం ఉంది. తెలుగు లిపి 1991లోనే యూనికోడులో చేరినా, విండోసులో దానికి ఆధారం 2001నాటి ఎక్స్‌పీతో, గౌతమి ఖతితో వచ్చింది. అంతకుముందు, చాలాచోట్ల ఆ తరువాత కూడా, అను వంటి యూనికోడేతర ఖతులలోనే గ్రంథాలు కూర్పు అయ్యాయి. ఆ ఫైళ్ళు సరైన ఖతి లేని యంత్రంలో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. పాత డిస్కులో వాటి ఖతులూ, వాటిని తెరిచే ప్రోగ్రామూ ఇంకా ఉంటే, ఆ డిస్కు వరుసలో రెండో స్థానానికి పోవాలి గాని చెత్తబుట్టలోకి కాదు. సిద్ధాంతగ్రంథపు తొలిప్రతి చదవదగిన రూపంలో ఉన్న చోటు అదొక్కటే కావచ్చు.